నురగ రంగు

లేత గులాబి రంగు నా కళ్ళకు కనిపించడం మానేసి అప్పటికి ఏడు నెలలు. ఎరుపు కనిపించేది. తెలుపు కనిపించేది. ఆ రెండింటి నడుమ ఉండే పలచని రంగు మాత్రం తెలుపులో కలిసిపోయేది. ఎవరికీ చెప్పలేదు. నా పనంతా ఆ రంగు మీదే నడుస్తుంది కనుకనే చెప్పలేదు.

మాది మందుల కంపెనీ. కబేళాను ఆనుకుని ఉంటుంది. మధ్య గోడకు ఒక కిటికీ. తెల్లవారి ఐదింటికి అవతల కోత మొదలవుతుంది. మేకల ఊపిరితిత్తులు గొంతుగొట్టంతో సహా, గొట్టం మూతి దారంతో బిగించి, స్టీలు పళ్ళెంలో కిటికీ ఇవతలికి వస్తాయి. అరగంట దాటితే పనికిరావు. మొదటి బల్ల నాది. ముడి విప్పి, గొట్టంలో చల్లటి ఉప్పునీళ్ళు పోసి, రెండు అరచేతులతో మెల్లగా ఒత్తి, తలకిందులు చేస్తే నురగ దిగుతుంది. తెల్లగా దిగితే రెండో బల్లకు తోస్తాను. గులాబిగా దిగితే కోతలో నెత్తురు లోపలికి పీల్చుకుందని అర్థం. దాన్ని చెత్త డబ్బాలో వేస్తాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని.

ఆ నురగ నుంచే మందు చేస్తారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తుల్లో పోసే మందు. ఎందుకు పోస్తారో మా కెమిస్టమ్మ పనిలో చేరిన కొత్తలో బల్లల దగ్గరికి వచ్చి చెప్పింది.

"తడిసిన ప్లాస్టిక్ సంచీ మూతి తెరవాలంటే ఎంత తంటాలు పడతారు? అతుక్కుపోతుంది కదా. ఊపిరితిత్తి లోపల అలాంటి సంచులు కోట్లున్నాయి. ఆవగింజకంటే చిన్నవి. అన్నీ తడే. ఊపిరి వదిలినప్పుడల్లా అతుక్కుపోవాల్సిందే. పోకుండా లోపల పలచగా కొవ్వు పూత ఉంటుంది. అయితే కొవ్వు దానంతట అది పరుచుకోదు. దాన్ని పట్టుకుని లాక్కొచ్చి గోడంతా పరిచే ప్రోటీన్ ఒకటుంది. గోడలో ఉండే కణాలే ఆ కొవ్వునీ ఆ ప్రోటీన్‌నీ ఉల్లిపొరల్లా చుట్టి దాచుకుంటాయి, అవసరమైనప్పుడు బయటికి వదులుతాయి. కడుపులో ఎనిమిదో నెల వస్తేగాని ఆ కణాలు సరిగా పనిలోకి దిగవు. ముందే పుట్టిన బిడ్డకి కొవ్వూ చాలదు, మోసేవాడూ చాలడు."

రెండో బల్ల మీద పనిచేసే ఆవిడను మేమంతా రేడియో అంటాం. తెల్లవారి ఐదింటికి మొదలైతే పదకొండింటికి గాని ఆగదు. "అంటే మోతగాడన్నమాట" అంది రేడియో.

"అదే, మోతగాడే" అంది కెమిస్టమ్మ.

ఆ రోజు నుంచి మా బల్లల దగ్గర ప్రోటీన్ పేరు మోతగాడు.

"మరి నెత్తురు తగిలితే ఏమవుతుందమ్మా?" అని రేడియో మళ్ళీ అడిగింది.

"నెత్తురులోనూ ప్రోటీన్లున్నాయి. అవి ఈ పని చెయ్యవు. మోతగాడు ఉండాల్సిన చోట ముందే వచ్చి కూర్చుంటాయి. కదలవు."

"మా ఆడపడుచు!" అంది రేడియో. బల్లలన్నీ నవ్వాయి. నేనూ నవ్వాను. నేను నవ్వడం చూసి ఇంకోసారి నవ్వారు.

నన్ను వాళ్ళు ముంగి మామ అంటారు. అందులో తప్పేం లేదు.

కళ్ళు మోసం చేస్తున్నాయని తెలిశాక వేళ్ళను నమ్ముకున్నాను. పలచని తొడుగుల మీంచే తెలుస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నురగను నలిపి విడదీస్తే మంచి నురగ జారుతుంది, బుడగ చితకదు. నెత్తురు తగిలినదైతే రవ్వంత జిగురుగా లాగుతుంది. ఇరవై ఆరేళ్ళ వేళ్ళు. చాలావరకు సరిగానే చెప్పేవి. అనుమానం వస్తే పారేసేవాణ్ణి. ఏ రోజుకా రోజు ఇవాళ గట్టెక్కింది అనుకుని ఇంటికి పోయేవాణ్ణి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలని అనుకోని రోజు లేదు. వెళితే కాగితం మీద రాస్తాడు. కాగితం మేనేజరు దగ్గరికి పోతుంది. నా బల్ల దగ్గర ఇంకొకరు నిలబడతారు. ఆ తర్వాత నేను పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి?

అలా దాచిన ఐదో నెలలో ఒక రోజు ఉప్పునీళ్ళు మరీ చల్లగా వచ్చాయి. మంచు ఎక్కువ వేశారేమో, ఏడింటికల్లా నా వేళ్ళు కొయ్యబారాయి. నురగ నలిపితే జారుతోందో లాగుతోందో తెలియలేదు. అనుమానం వచ్చినదల్లా పారేశాను. ఎనిమిదింటికి డబ్బాలో పదకొండు పడ్డాయి. మామూలుగా రెండో మూడో పడతాయి.

రేడియో డబ్బాలోకి తొంగి చూసింది. "ఏంటి మామా, ఇవాళ కుక్కలకి పండగ చేస్తున్నావ్? దీనికేమైంది, పాలలా ఉంది! కళ్ళు గానీ పోయాయా?"

ఆమె సరదాకే అంది. ఆమె అనేవన్నీ సరదాకే. నేను డబ్బాను కాలితో బల్ల కిందికి నెట్టాను. ఆ తర్వాత వచ్చిన మూడింటి దగ్గర నాకు ఏమీ తెలియలేదు. తెల్లగానే కనిపించాయి. వేళ్ళు ఏమీ చెప్పలేదు. డబ్బా వైపు చెయ్యి పోయింది, రేడియో అటే చూస్తోంది. రెండో బల్లకు తోసేశాను. ఆమె పెద్ద తొట్టిలో వంపుకుంది, పాటేదో పాడుకుంటూ. నెలకొక బ్యాచ్; ఎదుటి పలక మీద ఆ నెల నంబరు నలభై ఒకటి.

అలాంటివి జరిగాక నాలుగు రోజులు మనసు పీకుతుంది. ఆ తర్వాత మరుపు వస్తుంది. అన్నీ కెమిస్టమ్మ గదిలో యంత్రాల్లో తిరిగి, కడిగి, పరీక్ష అయ్యాకే సీసాలకు ఎక్కుతాయని సర్దిచెప్పుకున్నాను. చూస్తుండగా నలభై రెండు వచ్చింది, నలభై మూడు వచ్చింది. రంగే కాదు, చిన్న చిన్నవి కూడా మసకబారడం మొదలైంది.

ఒక పొద్దున ఆరింటికి మా ఆవిడ ఫోను చేసింది. బల్ల దగ్గర ఫోను ఎత్తకూడదు. గేటు దగ్గరి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి చెప్పాడు.

మా అమ్మాయి బస్సు కండక్టరు. ఏడో నెల కడుపు. పట్టుమని పది రోజులు కాలేదు సెలవు పెట్టి. బీపీ ఉన్నపళంగా పెరిగిపోతే తెల్లవారుజామున ఆసుపత్రికి తీసుకెళ్ళారట. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారట. ఆడపిల్ల. పదకొండు వందల గ్రాములు. నేను రబ్బరు బూట్లతోనే వెళ్ళాను. వరండాలో నడుస్తుంటే బూట్లలోంచి నీళ్ళు కీచుమన్నాయి.

మా అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మాటకారి, మనిషి మంచివాడు. పిల్లల గది అద్దం ముందు నిలబడి ఉన్నాడు.

"మామయ్యగారూ, మీ మందే పోశారండీ!" అన్నాడు నన్ను చూడగానే. ఆ మొహంలో భయమూ సంబరమూ కలిసి ఉన్నాయి. "డాక్టరమ్మ చెప్పింది, ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి మందు పోశామని. నేనన్నాను, అది మా మామయ్యగారు చేసే మందేనండీ అని. నర్సులకి కూడా చెప్పాను. పెట్టె మీద మీ కంపెనీ పేరే!"

"పెట్టె ఏదీ?" అన్నాను.

నర్సు చెత్తబుట్ట పక్కన పెట్టిన ఖాళీ పెట్టెను అద్దం దగ్గరికి పట్టింది. అంకెలు పెద్దవి. అద్దానికి మొహం ఆనించి చదివాను. నలభై ఒకటి.

ఇంకోసారి చదివాను.

అద్దం అవతల ఒక పెట్టె, పెట్టెలో వైర్లు. వైర్ల నడుమ పిల్ల ఉందన్నారు. పక్కనే యంత్రం మీద ఒక అంకె వెలుగుతోంది. అల్లుడికి యంత్రాలంటే ఇష్టం కనుక అప్పటికే నేర్చేసుకున్నాడు. "మామూలు గాలిలో వందకి ఇరవై ఒక్క పాళ్ళు ఆక్సిజన్ ఉంటుందటండీ. పుట్టగానే దీనికి ఎనభై పెట్టాల్సొచ్చింది. మందు పోశాక యాభై ఐదుకి దించారు. అంకె ఎంత కిందికొస్తే అంత మంచిది."

నేను అంకెను చూస్తూ నిలబడ్డాను. పిల్ల కనిపించకపోయినా అంకె కనిపించేది. ఎనిమిదింటికి యాభై ఐదు. తొమ్మిదింటికి యాభై ఐదు. పదింటికి అరవై. పదకొండింటికి అరవై ఎనిమిది.

మా ఆవిడ అమ్మాయి దగ్గర నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ తిరుగుతోంది. "ఏమండీ, కాసేపు కూర్చోండి. కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు?" అంది. కూర్చున్నాను. లేచాను. వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నలభై రెండు అడుగులు. ఆ లెక్క ఇప్పటికీ గుర్తుంది.

పన్నెండు దాటాక డాక్టరమ్మ బయటికొచ్చింది. కుర్రది. మా అమ్మాయి ఈడే ఉంటుంది. "అంకె మళ్ళీ డెబ్బై అయింది. ఒక డోసు చాలనప్పుడు ఇలా అవుతుంది, కొత్త కాదు. ఒంటిగంటకి రెండో డోసు పోస్తాం. సాధారణంగా దాంతో సర్దుకుంటుంది" అంది.

"ఏ పెట్టెలోదండీ?" అన్నాను.

ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు. అల్లుడు నవ్వి, "అదే మందేనండీ మామయ్యగారూ, మీదే" అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

నలభై రెండు అడుగులు. మళ్ళీ నలభై రెండు.

ఆ మూడు ఊపిరితిత్తులు బాగున్నాయేమో. నెలంతా కోసిన మేకల నురగలో మూడింటి నెత్తురు ఎంతని? కెమిస్టమ్మ పరీక్షలో తేలేది కదా. చెప్పానంటే ఆ మందు ఆగిపోతుంది. ఆగితే పిల్లకు పోయడానికి ఏముంటుంది? చెప్పకపోతే పోస్తారు. పోశాక అంకె ఎక్కితే? మోతగాడి చోట నెత్తురు కూర్చుని ఉంటే ఎన్ని డోసులు పోసినా ఏం లాభం? చిన్న ఊపిరితిత్తి. అందులో ఎంతని పోస్తారు? గడియారం వైపు చూశాను. ముళ్ళు కనిపించలేదు. "టైమెంతమ్మా?" అని అటుగా పోతున్న మనిషిని అడిగాను. పన్నెండూ నలభై.

ఆ మూడు రెండో బల్లకు తోసేటప్పుడు అవి ఎవరి పిల్లకు పోతాయని అనుకున్నాను? ఎవరో పిల్లకు. ఆ ఎవరో పిల్లలకు ఇప్పటికే పోయాయి కూడా. అది తట్టాక నా కాళ్ళు ఆగిపోయాయి.

పిల్లల గది తలుపు తోశాను.

"తాతా, లోపలికి రాకూడదు" అని నర్సు అడ్డొచ్చింది.

"ఆ మందు పొయ్యొద్దు."

"ఏంటీ?"

"పొయ్యొద్దమ్మా. నాకు కళ్ళు కనపడవు."

"కళ్ళు కనపడకపోతే కంటి వార్డు రెండో అంతస్తు తాతా. ఇది పసిపిల్లల వార్డు."

డాక్టరమ్మ సీసాను అరచేతుల మధ్య పెట్టి వెచ్చబరుస్తోంది. ఆ మందును కుదపకూడదు, అలాగే పట్టుకోవాలి. నేను ఆ చేతులను చూస్తూ చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. కిటికీ, పళ్ళెం, గులాబి రంగు, పదకొండు పారేయడం, మూడు తోసేయడం, పలక మీద నంబరు. జన్మలో అన్ని మాటలు మాట్లాడలేదు. మధ్యలో దగ్గొచ్చింది. ఆమె ఒక్కసారి కూడా ఆపలేదు.

"ఏడు నెలలుగా మీరే చూస్తున్నారా?" అంది చివరికి.

"నేనే."

సీసాను బల్ల మీద పెట్టేసి ఫోను అందుకుంది.

ఫోనులో కెమిస్టమ్మ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. నలభై ఒకటి అన్ని పరీక్షలూ పాసైందంది. నెత్తురు తగిలినా కడిగినప్పుడు పోతుందంది. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, "మొదటి బల్ల ఆయనే అలా చెబుతుంటే పొయ్యమని నేను చెప్పలేను. ముప్పై ఆరు పాత బ్యాచ్. ఆయన కళ్ళు బాగున్నప్పటిది. ఊరవతల డిపోలో ఒకటి రెండు పెట్టెలుండాలి. నేనే తెస్తాను" అంది.

"ఎంతసేపు?" అంది డాక్టరమ్మ.

"వెతికి తేవాలి. మూడు గంటలు. నాలుగు."

డాక్టరమ్మ ఫోను పెట్టేసి నా వైపు చూసింది. "మీరు చెప్పకపోతే ఈపాటికి పోసేదాన్ని" అంది. అందులో కోపమూ లేదు, మెప్పూ లేదు. ఉన్న సంగతి చెప్పింది.

ఆసుపత్రిలో ఉన్న పెట్టెలన్నీ నలభై ఒకటో బ్యాచ్‌వే.

అల్లుడికి సంగతి తెలియడానికి నిమిషం పట్టలేదు. వరండాలో నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పెళ్ళయిన ఐదేళ్ళలో నా ముందు గొంతు పెంచని మనిషి.

"మామయ్యగారూ, మీరు నోరు విప్పేదే ఏడాదికి రెండుసార్లు. ఇవాళే విప్పాలా?"

నేను వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను.

"పాసైందన్నారు కదా! పరీక్షలో పాసైంది కదా! కడిగేవాళ్ళు మీరు, పరీక్ష చేసేవాళ్ళు వాళ్ళు. వాళ్ళకి తెలియనిది మీకు తెలుసా? నాలుగు గంటలండీ! లిఫ్టులో ఇరుక్కున్న మనిషినైనా నేను నాలుగు గంటలు ఉంచను!"

"బాబూ..." అంది మా ఆవిడ.

"ఉండండి అత్తయ్యా. ఏడు నెలల కిందట చెప్పాల్సింది ఇప్పుడు చెప్పారీయన. అప్పుడు చెప్పుంటే ఈ పెట్టె ఇక్కడికి వచ్చేదే కాదు. ఇప్పుడు చెప్పకుండా ఉంటే మందైనా పడేది. రెండూ చేశారు!"

మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ నా పక్కన బెంచీ మీద కూర్చుంది. "కళ్ళు కనపడవని నాకైనా చెప్పలేదేమండీ?"

"నువ్వు అడగలేదు."

"అడిగితే మాత్రం చెప్పేవారా! బెల్లం కొట్టిన రాయి. గోడ గుద్దుకున్నా గోడదే తప్పన్నట్టు నిలబడతారు" అంది. ఆ తర్వాత చీర చెంగుతో నా బూట్ల మీది తడి తుడవడం మొదలుపెట్టింది. వద్దన్నా ఆపలేదు. చేతులు ఊరికే ఉంచలేకపోయింది.

రెండింటికి డెబ్బై ఆరు. మూడింటికి ఎనభై. డాక్టరమ్మ గొట్టం సర్దింది, పిల్లను పక్కకు తిప్పింది, యంత్రం ఒత్తిడి పెంచింది. మూడున్నరకు ఎనభై ఎనిమిది. నాలుగింటికి తొంభై ఐదు. ఇంక ఐదే మిగిలాయని నేను లెక్కపెట్టాను. అల్లుడు అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డాడు.

నాలుగూ నలభైకి కెమిస్టమ్మ ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆటో దిగింది. సీసా లోపలికి పోయింది. వెచ్చబడాలి, గొట్టంలోకి పోవాలి. ఆ కాసేపు ఆమె నా దగ్గర నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి పెద్దాయనా?"

"ఏడు నెలలమ్మా."

"ముప్పై ఏడు నుంచి నలభై మూడు దాకా. ఏడు బ్యాచ్‌లు. రెండు మా దగ్గరే ఉన్నాయి, ఐదు బయటికి వెళ్ళిపోయాయి." వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. "ఒక్కో బ్యాచ్ ఎంతమంది పిల్లలకి పోతుందో తెలుసా?"

"తెలియదు."

"మూడు వందల మందికి." ముడిచిన వేళ్ళు విప్పుతూ అంది, "అన్నీ ఆపించి వచ్చాను. మళ్ళీ పరీక్ష చేస్తాం. నేను మిమ్మల్ని ఎప్పుడూ అడగలేదు. ఏటా మీ కళ్ళు పరీక్ష చేయించాలని కాగితంలో ఉంది. మీరు బాగానే ఉన్నానంటే నేను టిక్కు పెట్టేదాన్ని. ఆ కాగితం కూడా మేనేజరుకి చూపించాను ఇవాళ."

ఐదుంబావుకు ముప్పై ఆరు లోపలికి పోయింది. ఐదున్నరకు అంకె తొంభై. ఆరింటికి డెబ్బై. ఏడింటికి నలభై ఐదు. అల్లుడు ప్రతి అంకెనూ బయటికి చదివాడు, ఎవరికి చదువుతున్నాడో చెప్పకుండా. నలభై దగ్గర నేల మీద కూలబడి ఏడ్చాడు. నేను దగ్గరికి వెళ్ళాలనుకున్నాను. వెళ్ళలేదు.

అమ్మాయికి మరుసటి రోజు తెలిసింది. నేను గదిలోకి వెళితే గోడ వైపు తిరిగి పడుకుంది. "నన్ను అడగాలనిపించలేదా నాన్నా నీకు? నా పిల్ల గురించి నన్ను అడగాలనిపించలేదా?" అంది. పక్క వార్డులోనే ఉంది. నలభై రెండు అడుగులు కూడా లేవు. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ మాట చెబితే ఇంకా బాధపడుతుందని చెప్పలేదు. ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఐదో రోజు పిల్ల గొంతులోంచి గొట్టం తీశారు. అదే రోజు తలకు స్కానింగ్ చేశారు. ఒక పక్క చిన్న మచ్చ ఉందంది డాక్టరమ్మ. "నెలలు నిండని పిల్లల్లో ఇది మామూలే. చాలామందికి దానంతట అదే పోతుంది" అంది.

"ఆ నాలుగు గంటల వల్లేనా?" అని అల్లుడు అడిగాడు.

"చెప్పలేను. కాదనీ చెప్పలేను, అవుననీ చెప్పలేను. నడిచే వయసు వచ్చాక తెలుస్తుంది."

కంపెనీ నుంచి పిలుపు తొమ్మిదో రోజున వచ్చింది. కెమిస్టమ్మ గదిలో మేనేజరు కూడా ఉన్నాడు. ఏడు బ్యాచ్‌లూ మళ్ళీ పరీక్షించారట. బయటి ల్యాబుకు కూడా పంపారట.

"అన్నీ బాగున్నాయి పెద్దాయనా" అంది కెమిస్టమ్మ. "నలభై ఒకటి కూడా. నురగ పరుచుకోవడానికి అన్నిటికన్నా ఎక్కువ టైము తీసుకున్నది అదే. కానీ గీత లోపలే ఉంది. పాసే."

"ఎందుకు ఎక్కువ తీసుకుందమ్మా?"

"ఏదో ఒకటి చివరిది కావాలి కదా. మీ మూడింటి వల్లా కావచ్చు, దేని వల్లా కాకపోవచ్చు. ఇప్పుడు విడదీసి చూడలేం."

మేనేజరు కాగితం తోశాడు. సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి మొదటి బల్ల రేడియోది. నేను బయటికొస్తుంటే చేతి తొడుగులతోనే పరిగెత్తుకొచ్చింది. "నేను సరదాకన్నాను మామా! కళ్ళు పోయాయా అని సరదాకన్నాను. నిజంగా పోతే నిజంగా పోయాయని చెప్పొచ్చుగా! నేను మాట్లాడుతూనే ఉంటాను కదా, మధ్యలో ఒక్క మాట దూర్చలేకపోయావా?" అంది. ముక్కు తుడుచుకుని మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళింది. పాట వినిపించలేదు.

అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. వాళ్ళకు నేనే చెప్పాలి.

అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. పిల్లను గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకుని పైన దుప్పటి కప్పుకుంది. అలా రోజూ పెట్టుకోమన్నారట. అల్లుడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

కెమిస్టమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. చివరిదన్నదీ, గీత లోపలే ఉందన్నదీ. ఏదీ దాచలేదు.

అల్లుడు చాలాసేపు కిటికీ బయటికే చూశాడు. "గీత లోపలే అంటే మంచి మందే కదా మామయ్యగారూ. అప్పుడే పోసుంటే సరిపోయేది. ఆ నాలుగు గంటలు ఊరికే..." అని ఆపేశాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నప్పుడే నాకు తేలిగ్గా ఉండేది.

"కావచ్చు బాబూ" అన్నాను.

అమ్మాయి దుప్పటి సర్దుకుంది. "నాన్నా. మళ్ళీ అదే పెట్టె వస్తే, అదే నంబరైతే, ఆపుతావా?"

ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. తొంభై ఐదు అంకె గుర్తొచ్చింది. తలలోని మచ్చ గుర్తొచ్చింది.

"ఆపుతాను."

"బాగుందని తెలిశాక కూడా?"

"ఆ పూట తెలియదు కదమ్మా."

అల్లుడు తల విదిలించి బయటికి వెళ్ళాడు. టీ తెస్తానని గొణిగాడు. ఎంతమందికి తెస్తాడో చెప్పలేదు.

అమ్మాయి నన్ను చూస్తోందని తెలుస్తోంది గాని, ఎలా చూస్తోందో నాకు తెలియదు. మొహం మసగ్గా ఉంది. "దగ్గరికి రా" అంది. వెళ్ళాను. దుప్పటి అంచు కాస్త పక్కకు తీసింది. వంగి చూశాను. తెల్లటి టోపీ ఒకటి, దాని కింద గుప్పెడంత మసక.

"ఊపిరి బాగా తీస్తోందా?" అన్నాను.

"నువ్వే చూడు."

"కనపడటం లేదమ్మా."

"కంటి వార్డు రెండో అంతస్తులో ఉందట కదా, నర్సు చెప్పింది. పదింటికి చీటీ ఇస్తారు. చేయించుకుని వచ్చి నీ కళ్ళతో చూడు. అప్పటిదాకా నేను చెప్పను" అంది. దుప్పటి మళ్ళీ కప్పేసింది.